అనేరోబిక్ బాటిల్ ఒక్కటే పాజిటివ్ వచ్చిందా? అయితే ఇలా చేయండి

రక్తంలో బ్యాక్టీరియా ఉన్నాయేమో చూడటానికి చేసే పరీక్ష బ్లడ్ కల్చర్. రక్తాన్ని గాలి ఉన్న ఏరోబిక్ బాటిల్‌లో, గాలి లేని అనేరోబిక్ బాటిల్‌లో పోసి మిషన్‌లో పెడతారు, ఏదైనా పెరిగితే అది మోగుతుంది. మూడో రోజు పొద్దున ల్యాబ్ నుంచి వార్డుకు ఫోన్ వస్తుంది. "ఏడో బెడ్ పేషెంట్ బ్లడ్ కల్చర్‌లో అనేరోబిక్ బాటిల్ మోగింది. ఏరోబిక్ బాటిల్‌లో ఇంకా ఏమీ లేదు. స్లైడ్ మీద సన్నటి గ్రామ్ పాజిటివ్ కడ్డీలు కనిపిస్తున్నాయి." ఫోన్ ఎత్తిన డాక్టర్ రాత్రంతా డ్యూటీ చేసి అలసిపోయి ఉంటారు. "డిఫ్తిరాయిడ్స్ అయి ఉంటాయి, చర్మం మీద నుంచి పడ్డాయి" అని కేస్ షీట్‌లో రాసి తర్వాతి పేషెంట్ దగ్గరికి వెళ్లిపోతారు. ఇంకో మూడు రోజులకు పేరు తెలుస్తుంది: ఎగర్తెల్లా లెంటా. అది మన పెద్దపేగులో ఉండే బ్యాక్టీరియా. చర్మం మీద బతికేది కాదు. ఆ మూడు రోజులూ పేషెంట్ కడుపులో ఎక్కడో చీము పెరుగుతూనే ఉంది.

నేను మైక్రోబయాలజిస్టును. ఇలాంటి ఫోన్లు చాలా చేశాను. జిల్లా ఆసుపత్రుల్లో, నర్సింగ్ హోముల్లో పనిచేసే హౌస్ సర్జన్లు, స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు చదువుకుంటారని ఇది రాస్తున్నాను. ఒక్క విషయం మనసులో పెట్టుకుని చదవండి. పేగులో ఉండే ఈ ఆక్సిజన్ పడని బ్యాక్టీరియా వాటంతట అవి రక్తంలోకి రావు. ఎక్కడో ఒక గోడ చిరిగి ఉండాలి. అది అపెండిక్స్ కావచ్చు, పెద్దపేగులో కేన్సర్ పుండు కావచ్చు, కీమో దెబ్బకు పలుచబడిన పేగు పొర కావచ్చు, నడుం మీద బెడ్ సోర్ కావచ్చు. మీ చేతికి వచ్చిన రిపోర్టు ఆ చిరుగు ఉందని చెబుతోంది. దాన్ని వెతకడమే మీ పని.

కింద రాసిన మోతాదులు పెద్దవాళ్లకు, కిడ్నీ, లివర్ మామూలుగా పనిచేస్తున్నవాళ్లకు. మీ ఆసుపత్రి ప్రోటోకాల్, మీ సీనియర్ల మాట వీటికంటే ముందు.

ముందు అనుమానం రావాలి

పెద్దపేగులో ఒక్క గ్రాము మలంలో దాదాపు పది వేల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. మనకు బాగా తెలిసిన ఈ-కోలై వాటిలో చాలా చిన్న భాగం. ఆక్సిజన్ పడని రకాలు దానికి నూరు నుంచి వెయ్యి రెట్లు ఎక్కువ. అయినా పాజిటివ్ వచ్చిన బ్లడ్ కల్చర్లలో ఇవి కనిపించేది చాలా చోట్ల నూటికి ఒకటి నుంచి అయిదు వరకే. అందులోనూ ఎక్కువ వాటా బ్యాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్‌ది. 1898లో పారిస్‌లో వేయాన్, జుబేర్ అపెండిక్స్ చీములో మొదట వర్ణించినది ఇదే. పేగులో దీని సంఖ్య తక్కువే అయినా, దాని చుట్టూ ఉండే గట్టి పొర వల్ల రక్తంలో తట్టుకుని నిలబడగలదు. మనం మాట్లాడుకుంటున్న అరుదైన రకాలు మిగిలిన కొద్ది వాటాలో ఉంటాయి.

సంఖ్య తక్కువ కాబట్టి చాలా ఆసుపత్రులు అనేరోబిక్ బాటిల్ కొనడమే మానేశాయి. ఖర్చు సంగతి నాకు తెలుసు. అందరికీ రెండు రకాల బాటిళ్లూ పంపలేకపోతే కనీసం కొందరికైనా తప్పకుండా పంపండి. కడుపు నొప్పితో జ్వరం ఉన్నవాళ్లు, కడుపు ఆపరేషన్ అయినవాళ్లు, కాలేయంలో చీము గడ్డ ఉన్నవాళ్లు, కీమో తీసుకుని తెల్లకణాలు పడిపోయినవాళ్లు, లోతైన బెడ్ సోర్స్ ఉన్నవాళ్లు, షుగర్ వల్ల కాలు కుళ్లినవాళ్లు, కాన్పు లేదా గర్భస్రావం తర్వాత జ్వరం వచ్చినవాళ్లు ఈ జాబితాలో ఉంటారు. వయసు పైబడి, బరువు తగ్గి, కారణం తెలియని జ్వరంతో వచ్చినవాళ్లను కూడా మర్చిపోకండి.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. కల్లు తాగే అలవాటున్న మనిషి కుడి డొక్కలో నొప్పి, జ్వరంతో వస్తే వెంటనే అమీబా గడ్డ అనుకుంటాం. చాలాసార్లు అదే నిజం. ఆ అలవాటుకూ అమీబా గడ్డకూ సంబంధం ఉందని మన దేశంలో డాక్టర్లు ఎప్పటి నుంచో చూస్తున్నారు. కానీ మెట్రోనిడజోల్ అమీబా మీదా పనిచేస్తుంది, ఈ అనేరోబ్స్‌లో (ఆక్సిజన్ పడని బ్యాక్టీరియాలో) చాలావాటి మీదా పనిచేస్తుంది. కల్చర్ తీయకుండా మందు మొదలుపెడితే పేషెంట్ సగం తేరుకుంటాడు, గడ్డ ఎందుకు వచ్చిందో మాత్రం ఎప్పటికీ తెలియదు. మొదటి డోసుకు ముందే రెండు బాటిళ్లకూ రక్తం తీయండి.

రక్తం తీసేటప్పుడు

ఈ పనిలో సగం ఇక్కడే తేలిపోతుంది. రక్తం సరిగ్గా తీయకపోతే ల్యాబ్‌లో ఎంత మంచి మిషన్ ఉన్నా లాభం లేదు.

రెండు వేర్వేరు చోట్ల పొడిచి రెండు సెట్లు తీయండి. ఒక సెట్టు అంటే ఒక ఏరోబిక్ బాటిల్, ఒక అనేరోబిక్ బాటిల్. ఒక్కో బాటిల్‌కు 8 నుంచి 10 మిల్లీలీటర్లు పట్టాలి. అంటే రెండు సెట్లకు కలిపి 32 నుంచి 40 మిల్లీలీటర్లు. "ఇంత రక్తమా?" అని పేషెంట్ అటెండెంట్లు కంగారు పడతారు. రక్తంలో బ్యాక్టీరియా చాలా పలుచగా ఉంటాయని, తక్కువ తీస్తే జబ్బు ఉన్నా దొరకదని నెమ్మదిగా చెప్పండి. చిన్నపిల్లలకు బరువును బట్టి తగ్గించాలి.

చర్మాన్ని ఆల్కహాల్‌లో కలిపిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో రుద్ది 30 సెకన్లు ఆరనివ్వండి. ఆరాక మళ్లీ వేలు పెట్టి నరం తడమకండి. బాటిల్ మూత తీస్తే కనిపించే రబ్బరును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. మూత ఉంది కదా, శుభ్రంగానే ఉంటుందని వదిలేయకండి. గజ్జలోంచి వీలైనంతవరకు తీయవద్దు. అక్కడి చర్మం మీద పేగు బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటాయి. క్లాస్ట్రీడియం బీజాలైతే స్పిరిట్‌కు చావవు కూడా. అక్కడి నుంచి తీసిన రక్తంలో ఏది దొరికినా, అది లోపలిదా బయటిదా అన్న టెన్షన్ అందరికీ మిగులుతుంది.

ఏ బాటిల్‌లో ముందు పోయాలన్నది చాలామంది తికమకపడే విషయం. సిరంజితో తీస్తే అనేరోబిక్ బాటిల్‌లో ముందు ఎక్కించండి. సిరంజిలో గాలి ఉంటే వెనక మిగులుతుంది, అది ఏరోబిక్ బాటిల్‌లోకి పోతే నష్టం లేదు. బటర్‌ఫ్లై సూదితో నేరుగా బాటిల్‌లోకి తీస్తే దీనికి తిరగేసి చేయాలి. సన్నటి ట్యూబులో ముందే గాలి ఉంటుంది కాబట్టి మొదట ఏరోబిక్, తర్వాత అనేరోబిక్. రక్తం తక్కువగా వచ్చిందనుకోండి, చాలా ప్రోటోకాల్స్ ముందు ఏరోబిక్ బాటిల్ నింపమంటాయి. అయితే కడుపులో చీము ఉందని గట్టి అనుమానం ఉన్న పేషెంట్‌కు ఇంకో చోట పొడిచైనా రెండూ నింపడం మంచిదని నా అభిప్రాయం.

తీసిన టైము, ఎక్కడి నుంచి తీశారు, ఏ యాంటీబయాటిక్ ఎప్పుడు ఇచ్చారు, అనుమానం ఏమిటి అన్నవి ఫారం మీద రాయండి. "ఫీవర్" అని ఒక్క ముక్క రాస్తే నాకు ఏమీ తెలియదు. "పెద్దపేగు ఆపరేషన్ అయ్యి నాలుగో రోజు, కడుపు ఉబ్బరం" అని రాస్తే నేను మొదటి నుంచే వేరే రకంగా చూస్తాను. బాటిల్ మీది బార్‌కోడ్ మీద స్టిక్కర్ అంటించకండి. ఫ్రిజ్‌లో అసలు పెట్టకండి. మామూలు గది వేడిలో, వీలైతే రెండు గంటల్లో ల్యాబ్‌కు చేర్చండి.

పేషెంట్ షాక్‌లో ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. కల్చర్ పేరుతో మందు ఆలస్యం చేయకూడదు. సిస్టర్ మందు కలిపే ఆ కొద్ది నిమిషాల్లో రక్తం తీయడం పూర్తవుతుంది. ఆ క్రమం వార్డులో అందరికీ అలవాటు కావాలి.

చీము దొరికితే అది రక్తం కన్నా మంచి శాంపిల్. దూది పుల్లతో తుడిచి పంపకండి. సిరంజిలోకి లాగి, గాలి బయటకు తోసేసి, సూది తీసి మూత పెట్టి వెంటనే పంపండి. కుళ్లు వాసన వస్తే ఆ మాట ఫారం మీద రాయండి. ల్యాబ్‌కు అది పెద్ద ఆధారం.

బాటిల్ పాజిటివ్ అయ్యాక ల్యాబ్‌లో

ఇది టెక్నీషియన్ల కోసం. కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ జరిగిన తప్పు నేను దగ్గర నుంచి చూశాను. నేను పీజీ చేసే రోజుల్లో ఒక బాటిల్ పాజిటివ్ అయింది. స్లైడ్ మీద కడ్డీలు స్పష్టంగా కనిపించాయి. మేం మామూలు ప్లేట్ల మీద మాత్రమే వేశాం. మర్నాడు ఏమీ పెరగలేదు. స్లైడ్ తప్పుగా చూశామేమో అనుకుని "నో గ్రోత్" అని రిపోర్టు పంపేశాం. ఆ పేషెంట్ పొత్తికడుపులో చీము ఉందని తర్వాత స్కానింగ్‌లో తేలింది. స్లైడ్ మీద కనిపించింది ప్లేట్ మీద పెరగకపోతే, దానికి గాలి పడదేమో అన్న ఆలోచన రావాలి. అప్పుడు మాకు రాలేదు.

అనేరోబ్స్ పెరగడానికి టైము పడుతుంది. ఈ-కోలై లాంటివి పన్నెండు, పదిహేను గంటల్లో మిషన్‌ను మోగిస్తే, వీటిలో చాలావాటికి రెండు మూడు రోజులు కావాలి. అందుకే అయిదు రోజులు పూర్తయ్యేదాకా బాటిల్ తీసేయకండి.

బాటిల్ మోగగానే గ్రామ్ స్టెయిన్ (స్లైడ్ మీద రంగు వేసి బ్యాక్టీరియాను చూసే పరీక్ష) చేసి వార్డుకు ఫోన్ చేయండి. ఏ బాటిల్, ఎన్ని గంటలకు మోగింది, ఏం కనిపించింది అనే మూడూ చెప్పండి. అవతలివాళ్ల పేరు, టైము రిజిస్టర్‌లో రాసుకోండి. ఒక జాగ్రత్త: ఈ అనేరోబ్స్‌లో కొన్నిటికి గ్రామ్ రంగు నిలవదు. క్లాస్ట్రీడియం రామోసమ్, క్లాస్ట్రిడియోఫార్మే నిజానికి గ్రామ్ పాజిటివ్ (ఊదా రంగు పట్టే రకం) అయినా స్లైడ్ మీద గులాబీ రంగులో కనిపిస్తాయి. కాబట్టి రంగు కన్నా ఆకారం జాగ్రత్తగా వర్ణించండి. రెండు కొసలూ మొనదేలి సన్నగా ఉంటే ఫ్యూసోబ్యాక్టీరియం అనుకోండి. లావుగా, డబ్బాల్లాగా ఉంటే క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్. వంకర తిరిగి ఉంటే డిసల్ఫోవిబ్రియో కావచ్చు. పొట్టిగా, సన్నగా, చిన్న గొలుసుల్లా, జతల్లా ఉండే గ్రామ్ పాజిటివ్ కడ్డీలు అనేరోబిక్ బాటిల్‌లో మాత్రమే ఉంటే డిఫ్తిరాయిడ్స్ అన్న మాట నోటి నుంచి రానివ్వకండి.

తర్వాత ప్లేట్లు. ఒక బ్లడ్ అగార్ మామూలు గాలిలో, ఒక చాకొలెట్ అగార్ కార్బన్ డయాక్సైడ్‌లో, ఒక బ్లడ్ అగార్ అనేరోబిక్ జార్‌లో పెట్టండి. ఈ మూడో ప్లేట్‌లో హెమిన్, విటమిన్ కె కలిసి ఉంటే మంచిది. దాని మీద మొదటి గీతల దగ్గర 5 మైక్రోగ్రాముల మెట్రోనిడజోల్ డిస్క్ ఒకటి పెట్టండి. చుట్టూ వలయం వస్తే అది గాలి పడని బ్యాక్టీరియా అని రెండో రోజుకే గట్టి సూచన దొరుకుతుంది. వలయం రానంతమాత్రాన కాదని కొట్టేయకండి, మెట్రోనిడజోల్‌కు లొంగని అనేరోబ్స్ కూడా ఉన్నాయి. వండిన మాంసం ముక్కలున్న రాబర్ట్‌సన్ ట్యూబులో కూడా కొంచెం వేసి ఉంచండి. ప్లేట్ ఎండినా ఆ ట్యూబు మిమ్మల్ని కాపాడుతుంది.

జార్‌లో గ్యాస్ ప్యాక్‌తో పాటు ఇండికేటర్ తప్పనిసరి. మిథిలీన్ బ్లూ రంగు పోయి తెల్లగా మారితేనే లోపల ఆక్సిజన్ లేదని అర్థం. నీలంగానే ఉంటే ఆ జార్‌లోని ప్లేట్లన్నీ వృథా. ఇక ఓపిక. 48 గంటలకు ముందు జార్ తెరవకండి. 24 గంటలకు తెరిచి చూసి మళ్లీ మూస్తే అప్పుడే పెరగడం మొదలైనవి గాలికి చచ్చిపోతాయి. ఏమీ లేకపోతే అయిదు నుంచి ఏడు రోజుల వరకు ఉంచండి. బిలోఫిలా వడ్స్‌వర్తియా లాంటివి అంత నెమ్మదిగా పెరుగుతాయి.

పెరిగిన ప్రతి కాలనీనీ (ప్లేట్ మీద చుక్కలా కనిపించే బ్యాక్టీరియా గుంపును) మళ్లీ గాలిలో ఒక ప్లేట్, జార్‌లో ఒక ప్లేట్ వేసి, గాలిలో పెరగడం లేదని నిర్ధారించుకోండి. కాలనీలు వేర్వేరుగా కనిపిస్తే అన్నీ వేరు చేయండి. పేగు చిరిగినప్పుడు ఒకటికి మించి రక్తంలోకి రావడం మామూలే. ఈ-కోలై దొరికింది కదా అని ఆగిపోతే దాని వెనక ఉన్నది తప్పించుకుంటుంది. క్లాస్ట్రీడియం సెప్టికమ్ ప్లేట్ మొత్తం పలుచటి పొరలా పాకుతుంది. వెలుతురుకు వంచి చూడకపోతే ఏమీ పెరగలేదనే అనిపిస్తుంది.

పేరు తేల్చడానికి ఇప్పుడు మాల్డీ-టాఫ్ మిషన్ ఉంది, అది బ్యాక్టీరియా ప్రోటీన్లను బట్టి పేరు చెబుతుంది. అది కూడా తేల్చలేకపోతే 16ఎస్ జీన్ సీక్వెన్సింగ్ (బ్యాక్టీరియా జన్యువును చదివే పరీక్ష) చేయాలి. మీ దగ్గర ఇవి లేకపోతే బాధపడకండి. స్వచ్ఛంగా పెరిగిన కాలనీలను రాబర్ట్‌సన్ ట్యూబులో ఎక్కువగా వేసి, మూత గట్టిగా బిగించి, మామూలు వేడిలోనే పెద్ద ల్యాబ్‌కు పంపండి. పేరు వచ్చేలోపు "గ్రామ్ పాజిటివ్ అనేరోబిక్ కడ్డీలు, పేరు నిర్ధారణ జరుగుతోంది" అని మధ్యంతర రిపోర్టు ఇవ్వండి. ఆ ఒక్క లైనుతో వార్డులో వైద్యం మారిపోతుంది.

పేరు వచ్చాక ఎలా చదవాలి

పేర్లు నోరు తిరగవు, పైగా మారుతుంటాయి. పాత పుస్తకాల్లోని యూబ్యాక్టీరియం లెంటమ్‌నే 1999 నుంచి ఎగర్తెల్లా లెంటా అంటున్నారు. దాన్ని 1930ల్లో వర్ణించిన ఆర్నాల్డ్ ఎగర్త్ పేరు అలా మిగిలింది. రిపోర్టులో కొత్త పేరు పక్కన పాత పేరు కూడా రాయమని ల్యాబ్‌ను అడగండి, వెతుక్కోవడానికి తేలిక.

ఎగర్తెల్లా దొరికితే ముందు కడుపు వైపు చూడండి. అపెండిక్స్, పెద్దపేగు, కాలేయం, పొత్తికడుపు. పేషెంట్లలో ఎక్కువమంది పెద్దవయసువాళ్లు, కేన్సర్ ఉన్నవాళ్లు. గుండె జబ్బుకు వాడే డిజాక్సిన్ కొందరిలో సరిగ్గా పనిచేయకపోవడానికి వాళ్ల పేగులోని ఈ బ్యాక్టీరియానే కారణం. అది డిజాక్సిన్‌ను నిర్వీర్యం చేసేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మన కడుపులో కూడా అది నిశ్శబ్దంగా పని చేసుకుంటూ ఉంటుందని చెప్పడానికే ఈ మాట.

క్లాస్ట్రీడియం సెప్టికమ్ అని వస్తే మాత్రం కుర్చీలోంచి లేవండి. 1877లో పాశ్చర్, జూబేర్ గుర్తించిన ఈ బ్యాక్టీరియా రక్తంలో దొరికినవాళ్లలో సగానికి పైగా మందికి ఎక్కడో ఒక కేన్సర్ ఉంటుంది, ముఖ్యంగా పెద్దపేగులో లేదా రక్తంలో. ఏ గాయం లేకుండానే తొడలోనో భుజంలోనో కండరం కుళ్లి గ్యాస్ గాంగ్రీన్ వస్తుంది. పేషెంట్ ఒళ్లంతా చూడండి. ఎక్కడైనా విపరీతమైన నొప్పి, వాపు, నల్లబడటం, నొక్కితే కరకరలాడటం ఉంటే సర్జన్‌ను అప్పటికప్పుడు పిలవండి. ఇందులో గంటలే లెక్క.

క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్‌లో చూడాల్సింది రక్తం రంగు. కొందరిలో ఎర్రకణాలు విపరీతంగా పగిలిపోవడం వల్ల పంపిన శాంపిల్ ప్రతిసారీ ఎర్రటి సీరంతో వస్తుంది. బయోకెమిస్ట్రీ టెక్నీషియన్ "హీమోలైజ్డ్, మళ్లీ పంపండి" అని రెండోసారి కూడా రాయాల్సి వస్తే ఆగి వార్డుకు ఫోన్ చేయండి. శాంపిల్ తీయడంలో తప్పు లేకపోవచ్చు.

కీమో పేషెంట్‌లో క్లాస్ట్రీడియం టెర్షియం వస్తే పేగు పొర దెబ్బతిన్నదనుకోండి. ఇది గాలిలో కూడా కొంచెం పెరుగుతుంది కాబట్టి బాసిల్లస్ అనుకుని కంటామినేషన్ (బయటి నుంచి కలిసింది) కింద కొట్టేసే ప్రమాదం ఉంది. బిలోఫిలా 1989లో అపెండిక్స్ చీములో మొదట దొరికింది. పిత్తం తగిలితే ఇంకా బాగా పెరుగుతుంది. డిసల్ఫోవిబ్రియో కూడా కడుపు లోపలి చీమునే చూపిస్తుంది.

అనేరోబిక్ బాటిల్‌లో వచ్చినవన్నీ జబ్బు కిందే లెక్క అనుకోకండి. క్యూటిబ్యాక్టీరియం యాక్నిస్ చర్మం మీదిది, నాలుగు బాటిళ్లలో ఒక్కదానిలో వస్తే చాలావరకు కంటామినేషనే. కృత్రిమ వాల్వ్, మెదడులో షంట్, కృత్రిమ కీలు ఉన్నవాళ్లలో మాత్రం దాన్నీ వదలకూడదు.

మందు మొదలుపెట్టడం

పేరు వచ్చేదాకా ఆగకండి, గ్రామ్ స్టెయిన్ ఫోన్ రాగానే మందుల చార్టు చూడండి. పేషెంట్‌కు సెఫ్ట్రియాక్సోన్, అమికాసిన్ మాత్రమే పడుతుంటే అనేరోబ్స్ మీద ఏమీ పడనట్టే. అమికాసిన్, జెంటామైసిన్ లాంటివి బ్యాక్టీరియా లోపలికి వెళ్లాలంటేనే ఆక్సిజన్ కావాలి. గాలి లేని చోట అవి పనిచేయవు. సెఫ్ట్రియాక్సోన్‌ను వీటి మీద నమ్మలేం. సిప్రోఫ్లోక్సాసిన్ కూడా అంతే.

మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు ఎనిమిది గంటలకోసారి నరంలోకి కలపడం చాలా సందర్భాల్లో సరిపోతుంది. దానితో పాటు గాలిలో పెరిగే పేగు బ్యాక్టీరియాకు కూడా మందు ఉండాలి. పిప్టాజ్ (పిపరాసిలిన్-టాజోబాక్టమ్) గాని మెరోపెనెమ్ గాని ఇస్తుంటే వాటికి అనేరోబ్స్ మీద శక్తి ఉంది, పైన మళ్లీ మెట్రో కలపాల్సిన పని సాధారణంగా లేదు. మన దగ్గర ఈ జోడీ అలవాటుగా రాసేస్తున్నారు. దాని వల్ల పేషెంట్‌కు వికారం, నోట్లో లోహపు రుచి తప్ప అదనపు లాభం కనిపించదు.

అయితే అరుదైన రకాల్లో మినహాయింపులు ఉన్నాయి, పేరు తెలుసుకోవడం అందుకే. ఎగర్తెల్లాను ఆపడానికి కావలసిన పిప్టాజ్ మోతాదు చాలాసార్లు ఆ మందు పనిచేసే హద్దు దగ్గర ఉంటుంది. పేషెంట్ తేరుకోకపోతే మెట్రోనిడజోల్ లేదా మెరోపెనెమ్ వైపు మార్చడం గురించి సీనియర్‌ను అడగండి. డిసల్ఫోవిబ్రియోలో చాలావాటికి పిప్టాజ్ పనిచేయదు. క్లాస్ట్రీడియం టెర్షియం కొన్నిసార్లు మెట్రోనిడజోల్‌కు లొంగదు, వాంకోమైసిన్‌కు లొంగుతుంది. క్లాస్ట్రీడియం ఇన్నోక్యువమ్ దీనికి తలకిందులు, పుట్టుకతోనే వాంకోమైసిన్‌కు లొంగదు. యాక్టినోమైసిస్, బిఫిడోబ్యాక్టీరియం, లాక్టోబాసిల్లస్‌ల మీద మెట్రోనిడజోల్ పనిచేయదని గుర్తుంచుకోండి. క్లిండమైసిన్‌కు బ్యాక్టీరాయిడిస్‌లో చాలా భాగం ఇప్పుడు లొంగడం లేదు, రిపోర్టు లేకుండా దాని మీద ఆధారపడకండి.

సెన్సిటివిటీ (ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేయాలంటే ఈ-టెస్ట్ అనే మందు పూసిన పట్టీ చిన్న ల్యాబ్‌కు అందుబాటులో ఉండే దారి. ఈ పరీక్షలకు ప్రమాణాలు నిర్ణయించే యూరప్ సంస్థ యూకాస్ట్ 2022లో డిస్క్ పద్ధతిని తెచ్చింది గాని అది బ్యాక్టీరాయిడిస్, ప్రివోటెల్లా లాంటి కొద్ది రకాలకే. ఈ వ్యాసంలో చెప్పిన అరుదైన వాటికి మామూలు డిస్క్ పెట్టి వలయం కొలిచి రిపోర్టు ఇవ్వకండి. తప్పు రిపోర్టు కన్నా రిపోర్టు లేకపోవడం నయం.

ఎన్ని రోజులు అన్నది చీము పూర్తిగా బయటకు పోయిందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. పోయి ఉంటే వారం నుంచి రెండు వారాల మధ్య చాలామందికి సరిపోతుంది. కాలేయంలో గడ్డలు, ఎముక, గుండె వాల్వ్ అయితే వారాలు పెరుగుతాయి. మెట్రోనిడజోల్ ఎక్కువ వారాలు వాడుతుంటే అరికాళ్లలో తిమ్మిర్లు వస్తున్నాయా అని ప్రతిసారీ అడగండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూపే కొలత) పెరుగుతుంది, రెండు మూడు రోజుల్లోనే మళ్లీ చూడండి.

చిరుగు ఎక్కడుంది

పేషెంట్ దగ్గరికి వెళ్లి కూర్చోండి. నోరు తెరిపించి పళ్లు, చిగుళ్లు చూడండి. కడుపు నెమ్మదిగా నొక్కండి. పక్కకు తిప్పి నడుం కింద, పిరుదుల మీద చూడండి. బెడ్ సోర్ చాలాసార్లు దుప్పటి కింద దాక్కుంటుంది, డ్రెస్సింగ్ విప్పి లోతు చూడాలి. మలద్వారం చుట్టూ గడ్డ ఉందేమో చూడండి. కాలివేళ్ల మధ్య చూడండి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు, స్కానింగ్ కన్నా ముందు చేయాల్సింది ఇదే. ఆరు నెలల్లో బరువు తగ్గారా, మలంలో రక్తం పడిందా, విరేచనం అలవాటు మారిందా, ఇంట్లో ఎవరికైనా పేగు కేన్సర్ ఉందా అని అడగండి.

బయట ఏమీ దొరకకపోతే కాంట్రాస్ట్‌తో కడుపు సీటీ తీయించండి. అల్ట్రాసౌండ్‌లో కాలేయం, పిత్తాశయం బాగా కనిపిస్తాయి గాని పేగుల మధ్య దాగిన చీము తప్పిపోతుంది. చీము ఉంటే సూదితోనో, ట్యూబుతోనో, ఆపరేషన్‌తోనో బయటకు తీయాలి. మందు ఒక్కటే పెద్ద గడ్డను కరిగించలేదు. తీసిన చీమును తప్పకుండా కల్చర్‌కు పంపండి. తెల్లకణాలు పడిపోయిన కీమో పేషెంట్‌లో కుడివైపు పేగు గోడ 4 మిల్లీమీటర్ల కన్నా మందంగా కనిపిస్తే న్యూట్రోపీనిక్ ఎంటరోకొలైటిస్ (తెల్లకణాలు పడిపోయినప్పుడు వచ్చే పేగు వాపు) గురించి ఆలోచించండి. అలాంటి సమయంలో కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయకూడదు, పేగు చిల్లు పడే ప్రమాదం ఉంది.

మందు మొదలై రెండు మూడు రోజులైనా జ్వరం తగ్గకపోతే మందు మార్చే ముందు మళ్లీ కల్చర్ పంపండి, గడ్డ మిగిలి ఉందేమో మళ్లీ చూడండి.

సీటీలో ఏమీ కనిపించలేదనుకోండి. పేషెంట్ తేరుకున్నాడు, జ్వరం లేదు, ఇంటికి పోతానంటున్నాడు. చాలా కేసుల్లో ఫైల్ ఇక్కడే మూసేస్తారు. ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టే చోటు. హాంకాంగ్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, 2006 నుంచి 2015 మధ్య రక్తంలో ఇన్ఫెక్షన్‌తో చేరిన 13 వేల మందికి పైగా పేషెంట్ల రికార్డులు చూశారు. బ్యాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్, ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్, పెప్టోస్ట్రెప్టోకాకస్, క్లాస్ట్రీడియం సెప్టికమ్, పెర్‌ఫ్రింజెన్స్ లాంటివి రక్తంలో దొరికినవాళ్లలో తర్వాతి కాలంలో పెద్దపేగు కేన్సర్ బయటపడే అవకాశం ఎక్కువని తేలింది. అంటే ఇన్ఫెక్షన్ తగ్గినా పుండు లోపలే ఉండి ఉండవచ్చు. కారణం దొరకని ప్రతి పెద్దవయసు పేషెంట్‌కూ కొలనోస్కోపీ సూచించాలని నేను గట్టిగా నమ్ముతాను. కడుపులో చీము గడ్డ ఉండి తగ్గినవాళ్లకైతే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయడం మామూలు. సెప్టికమ్ దొరికినవాళ్లకు అంత కాలం ఆగవద్దు, పేషెంట్ తట్టుకోగలిగిన వెంటనే చేయించండి.

ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు

కొడుకు వచ్చి "సార్, మా నాన్నకు పేగులో పురుగు రక్తంలోకి ఎలా వచ్చింది? హోటల్ తిండి వల్లా?" అని అడుగుతాడు. తిండి వల్ల కాదని, ఈ బ్యాక్టీరియా మనందరి పేగుల్లోనూ ఉండేదేనని, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని చెప్పండి. ఇంట్లో పిల్లల్ని దూరంగా పెట్టాల్సిన పని లేదని కూడా చెప్పండి, ఆ భయం చాలామందికి ఉంటుంది. ఆ తర్వాత పేగు గోడలో ఎక్కడో దారి పడింది కాబట్టి అది లోపలికి వచ్చిందని, ఆ దారి ఎక్కడుందో చూడాలని చెప్పండి. కేన్సర్ అన్న మాట మొదటి వాక్యంలోనే వాడకండి, అలాగని దాచిపెట్టకండి. "ఎక్కువసార్లు చిన్న కారణాలే ఉంటాయి, కొన్నిసార్లు పేగులో గడ్డ ఉంటుంది, ముందే చూస్తే వైద్యం సులువు" అని నిదానంగా చెబితే అర్థం చేసుకుంటారు.

డిశ్చార్జ్ కాగితం మీద బ్యాక్టీరియా పేరు, దొరికిన తేదీ, ఏ బాటిల్‌లో దొరికిందో రాయండి. కొలనోస్కోపీ ఏ వారంలో చేయించుకోవాలో తేదీతో సహా తెలుగులో రాయండి. కాగితాలు చూసుకునేది పేషెంట్ కన్నా కూతురో కోడలో అయి ఉంటుంది, ఆమెను పిలిచి చదివి వినిపించండి. ఆమె ఫోన్ నంబర్ వార్డు రిజిస్టర్‌లో రాసుకుని, ఆ వారం వచ్చినప్పుడు ఒకసారి ఫోన్ చేయండి.